రేస్ ఇస్తే ఇంజన్ అరుస్తోంది గానీ బండి లాగట్లేదు, అరకు ఘాట్‌లో ఇరుక్కున్నాం, కాస్త చెప్పండి

సాగరతీరం (విశాఖ)

అందరికీ నమస్కారం. బండి 2016 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1.2 ఇంజన్, మాన్యువల్ 5 గేర్లు, 78 వేలు తిరిగింది. మొన్న ఆదివారం నేనూ మా ఆవిడా పిల్లలిద్దరూ అరకు బయల్దేరాం. ఎస్.కోట దాకా ఏ ఇబ్బందీ లేదు. టైడా దాటి ఎత్తు ఎక్కుతున్నప్పుడు మొదలైంది. మూడో గేర్‌లో ఎక్సలేటర్ నొక్కితే ఇంజన్ సౌండ్ ఒక్కసారిగా పైకి లేచిపోయింది, ఆర్‌పీఎమ్ (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపించే) ముల్లు 2500 నుంచి 4000 దాటేసింది, స్పీడు మాత్రం 35 దగ్గరే ఉండిపోయింది. గేర్ పడలేదేమో అనుకుని మళ్ళీ వేశాను, అదే వరస. డాముకు దగ్గరకొచ్చేసరికి లోపలికి మాడు వాసన, రబ్బరు వాసన కాదు, బ్రేక్ షూ కాలితే వచ్చే లాంటిది, పిల్లలు ముక్కు మూసుకున్నారు. పక్కకి ఆపి టైర్ల వెనక రాళ్ళు పెట్టి ముప్పావుగంట కూర్చున్నాం, వాన కూడా పడుతోంది. చల్లారాక రెండో గేర్‌లో మెల్లగా వెనక్కి దిగొచ్చేశాం, అనంతగిరి కూడా చూడలేదు.

కిందకొచ్చాక రోడ్డు పక్క ఒక మెకానిక్‌కి చూపిస్తే ప్లగ్గులు మార్చి, థ్రాటిల్ బాడీ కడిగి 2,800 తీసుకున్నాడు. ఇంటికొచ్చాక చూస్తే ఏమీ మారలేదు, హైవే మీద ఐదో గేర్‌లో కూడా అలాగే లేచిపోతోంది. ఇది ఇంజనా, గేర్ బాక్సా, ఇంకేదన్నానా? పండక్కి ఊరు వెళ్ళాలి, ఏటి చెయ్యాలో తోచట్లేదు.

పాలమూరు పోరడు

అన్నా గది క్లచ్ ప్లేట్ పోయింది, ఇంకేం లేదు. నా బండిది గూడ సేమ్ గిట్లనే అయ్యింది, రేస్ ఇస్తే గుయ్యిమంటది గానీ గుంజది. మాడు వాసన గూడ వచ్చింది అంటున్నవ్ కదా, డౌటే అక్కర్లేదు. ప్లేట్ సెట్ మార్పియ్యి.

మూడో గేర్

ఒక్క నిమిషం ఆగండి, అంత తొందరగా గేర్ బాక్స్ దింపించకండి. పికప్ లేదు అంటే అది క్లచ్చే కానక్కర్లేదు. మా మావయ్య బండికి పికప్ లేదని క్లచ్ సెట్ మొత్తం మార్పించాం, తీరా చూస్తే సైలెన్సర్ లైన్‌లో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయి ఇంజన్‌కి ఊపిరి ఆడట్లేదు. డబ్బులు పోయాయి, టైమూ పోయింది. ఫ్యూయల్ ప్రెషర్ తగ్గినా లాగదు. వెనక బ్రేక్ పట్టేసినా లాగదు, అప్పుడు ఆ చక్రం డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. ముందు అన్నీ చూసుకుని అప్పుడు క్లచ్ జోలికి వెళ్ళండి అన్నయ్యా.

లెక్కల మేష్టారు

మూడో గేర్ గారూ మీరు చెప్పినవన్నీ నిజాలే గానీ వాటికీ ఈయన చెప్పినదానికీ ఒక పెద్ద తేడా ఉంది, అది పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. గేర్ వేసి క్లచ్ పూర్తిగా వదిలేశాక ఇంజనూ చక్రాలూ ఇనప పళ్ళతో కట్టేసినట్టు ఉంటాయి. ఇంజన్ ఇన్ని చుట్లు తిరిగితే చక్రం ఇన్ని తిరగాల్సిందే, మధ్యలో జారడానికి ఏమీ ఉండదు, ఒక్క క్లచ్ తప్ప. ఇంజన్‌కి ఊపిరి ఆడకపోతే, పెట్రోల్ అందకపోతే, బ్రేక్ పట్టేస్తే, స్పీడూ పెరగదు, ఆర్‌పీఎమ్ కూడా పెరగదు, రెండూ కలిసి ఈడ్చుకుంటూ పోతాయి. ఆర్‌పీఎమ్ ఒక్కటే లేచి స్పీడు అక్కడే ఉందంటే ఆ ముడి ఎక్కడో జారుతోందన్నమాట.

లెక్క ఎలా కట్టాలో చెప్తాను, కాగితం తీసుకోండి. మీ టైరు 165/80 ఆర్14 అనుకుందాం. రిమ్ము 14 అంగుళాలు అంటే 355.6 మిల్లీమీటర్లు, దానికి పైనా కిందా టైరు గోడలు 132 చొప్పున (165 లో 80 శాతం) కలిపితే మొత్తం దాదాపు 620. 3.14 తో హెచ్చిస్తే ఒక చుట్టుకి 1.95 మీటర్లు వెళ్తుంది. గంటకి 60 కిలోమీటర్లు అంటే నిమిషానికి సరిగ్గా 1000 మీటర్లు, అంటే చక్రం నిమిషానికి 514 సార్లు తిరగాలి. ఇప్పుడు మాన్యువల్ బుక్కులో నాలుగో గేర్ రేషియో, ఫైనల్ డ్రైవ్ రేషియో ఉంటాయి, ఉదాహరణకి 0.95, 4.1 అయితే రెండూ గుణిస్తే 3.9. 514 ని 3.9 తో గుణిస్తే 2000. అంటే నాలుగో గేర్‌లో 60 లో ఆ బండి ముల్లు 2000 దగ్గర ఉండాలి, ఎక్సలేటర్ మెల్లగా తొక్కినా గట్టిగా తొక్కినా సరే. గట్టిగా తొక్కినప్పుడు 60 లోనే 2800, 3000 చూపిస్తే అది క్లచ్చే. స్పీడు మాత్రం ఫోన్ జీపీఎస్‌లో చూడండి, మీటర్ కాస్త ఎక్కువే చూపిస్తుంది, స్పీడ్ సెన్సర్ పోయినా మీటర్ అబద్ధం చెప్తుంది.

సాగరతీరం (విశాఖ)

మేష్టారూ చాలా చాలా థాంక్స్, ఇంత వివరంగా నాకెవరూ చెప్పలేదు. నా టైర్లు సరిగ్గా అవే సైజు. రేపు పొద్దున్నే భీమిలి రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు చూస్తాను.

ఆటోనగర్ షెడ్డు (బెజవాడ)

నేను మెకానిక్‌ని, 22 ఏళ్ళుగా ఇదే పని. మేష్టారు చెప్పింది కరెక్టు. ఇంకో టెస్ట్ ఉంది, సమతలంగా ఉన్న ఖాళీ జాగాలో చెయ్యండి, ముందూ వెనకా మనుషులు ఉండకూడదు. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగి, కుడికాలు ఫుట్ బ్రేక్ మీద ఉంచి, ఇంజన్ స్టార్ట్ చేసి నాలుగో గేర్ వేసి క్లచ్ వదలండి. ప్లేట్ బాగుంటే ఇంజన్ కొట్టుకుని వెంటనే ఆగిపోద్ది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేట్ జారుతోందని అర్థం, వెంటనే క్లచ్ తొక్కేయండి. ఒక్కసారే చెయ్యాలి, రెండు సెకన్లు చాలు, పదే పదే చేస్తే మిగిలిన ప్లేట్ కూడా మాడిపోద్ది. ఇందులో ఆగిపోయిందని క్లచ్ బాగుందనుకోవద్దు, కొద్దిగా జారే ప్లేట్ ఇక్కడ పాసైపోయి రోడ్డు మీద లోడ్ పడితేనే బయటపడుద్ది. అందుకే పై గేర్లలో, ఎత్తు మీద ముందు తెలుస్తది. మొదటి గేర్‌లో బండి తేలిగ్గా కదిలిపోద్ది కాబట్టి ప్లేట్ మీద అంత బరువు పడదు.

నాకు నాలుగు విషయాలు చెప్పండి సార్. ఇంతకుముందు ప్లేట్ ఎప్పుడు మార్చారు? పెడల్ పైన కాస్తన్నా లూజ్ ఉందా, లేక తాకగానే బరువు తగులుతోందా? మొదటి గేర్‌లో బండి కదిలేటప్పుడు వణుకు ఉందా? ఇంజన్ ఆయిల్ తగ్గుతోందా?

డాలస్ తెలుగోడు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, ఆటోమేటిక్ ఉన్నవాళ్ళు చదివి భయపడతారని రాస్తున్నా. ఇక్కడ నాది సీవీటీ, అంటే విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్, గట్టిగా తొక్కితే ఆర్‌పీఎమ్ ముందు లేచి స్పీడు వెనకాల నెమ్మదిగా వస్తుంది, అది దాని తత్వమే, కొత్తలో నేనూ కంగారు పడ్డాను. కానీ మునుపు లేనిది కొత్తగా మొదలైనా, జర్క్ వచ్చినా, ఫ్లూయిడ్ నల్లబడి మాడు వాసన వచ్చినా అది వేరే, నడపడం ఆపి చూపించుకోవాలి. మేష్టారు గారి లెక్క మాన్యువల్‌కే, సీవీటీలో రేషియో క్షణక్షణం మారుతుంది కాబట్టి పనికిరాదు.

ఆటోనగర్ షెడ్డు (బెజవాడ)

అవును సార్, బాగా చెప్పారు. ఏఎంటీ బళ్ళకి మాత్రం ఈ లెక్క పనికొస్తది, అందులో మామూలు క్లచ్ ప్లేటే ఉంటది, కాలికి బదులు యాక్చుయేటర్ తొక్కుద్ది అంతే. ప్లేట్ మార్చాక స్కానర్ పెట్టి క్లచ్ లెర్నింగ్ చేయించాలి, అది చెయ్యకపోతే కొత్త ప్లేట్ వేసినా సరిగ్గా పట్టదు.

సాగరతీరం (విశాఖ)

టెస్ట్ చేశాను. మా ఆవిడ పక్కన కూర్చుని ఫోన్‌లో స్పీడు చదివింది. నాలుగో గేర్, 60, మెల్లగా తొక్కినప్పుడు ముల్లు 2000 కి ఒక్క వెంట్రుకవాసి పైన. పూర్తిగా తొక్కితే 3100 కి వెళ్ళిపోయింది, తను "అరవై రెండు, అరవై రెండు" అని చదువుతూనే ఉంది. కాలు తీస్తే ముల్లు మళ్ళీ వచ్చి 2000 మీద కూర్చుంది. కళ్ళతో చూశాక ఇంక అనుమానం లేదు. హ్యాండ్ బ్రేక్ టెస్ట్‌లో మాత్రం రెండు సెకన్లు గురగురలాడి ఆగింది.

షెడ్డు గారూ మీ ప్రశ్నలకి జవాబులు. ప్లేట్ మార్చి 14 వేల కిలోమీటర్లే అయింది, ఎనిమిది నెలలు కూడా నిండలేదు, అదే నాకు అర్థం కావట్లేదు. పెడల్ పైన ఒక వేలు మందం లూజ్ ఉంది. వణుకు ఉంది, సిగ్నల్ దగ్గర మొదటి గేర్‌లో కదిలేటప్పుడు డాష్‌బోర్డు అంతా ఊగుతుంది, రెండు నెలల నుంచి. ఆయిల్ ఇవాళ మీరడిగారని డిప్ స్టిక్ తీసి చూస్తే కింది గీత దగ్గర ఉంది, సర్వీస్ చేయించి నాలుగు నెలలే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అప్పుడు ప్లేట్ మార్చిన షెడ్డుకి నిన్న ఫోన్ చేశాను. పేరు చెప్పను. ఆయన "మీ మిసెస్ నడుపుతున్నారు కదండీ, హాఫ్ క్లచ్ మీద నడుపుతారు, ఆడవాళ్ళ చేతిలో ప్లేట్ అంతే" అన్నాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది, తను వింది. బండి నేర్చుకుని ఏడాదిన్నర అయింది, గాజువాక ట్రాఫిక్‌లో రోజూ ఆఫీసుకి తనే నడుపుతుంది. అప్పట్నుంచి తాళం ముట్టుకోవట్లేదు, నా వల్లే పోయిందేమో అంటోంది. నాకు అది చాలా బాధగా ఉంది.

ఆటోనగర్ షెడ్డు (బెజవాడ)

సార్ ముందు అమ్మగారికి చెప్పండి, ఇది ఆమె వల్ల అయింది కాదు అని నాకు గట్టిగా అనిపిస్తోంది. హాఫ్ క్లచ్ మీద నడిపితే ప్లేట్ అరుగుద్ది, నిజమే, కానీ అరిగిన ప్లేటుకి పెడల్ పట్టు పైకి జరిగిపోద్ది, వణుకు అంతగా రాదు, ఇంజన్ ఆయిల్ ఎందుకు తగ్గుద్ది? జారడం, వణకడం, ఆయిల్ తగ్గడం మూడూ కలిసి వచ్చాయంటే నేను ముందు క్రాంక్, అంటే ఇంజన్ లోపల తిరిగే ఇరుసు, దాని వెనక ఉండే ఆయిల్ సీల్ చూస్తాను. ఇంజన్‌కీ ఫ్లై వీల్‌కీ మధ్య ఉంటది ఆ సీలు. ఫ్లై వీల్ అంటే క్లచ్ ప్లేట్ ఆనుకుని తిరిగే బరువైన ఇనప చక్రం. అది కారితే ఆయిల్ నేరుగా బెల్ హౌసింగ్, అంటే క్లచ్‌ని కప్పి ఉంచే గూడు, దాని లోపలికి దిగి ప్లేట్ మీద చిమ్ముద్ది. తడి చెప్పులతో నున్నటి బండ మీద నడిచినట్టే, ప్లేట్ ఎంత మందంగా ఉన్నా పట్టు దొరకదు.

రేపు బండి కింద అట్టముక్క పరిచి రాత్రంతా ఉంచండి. ఇంజనూ గేర్ బాక్సూ కలిసే చోట కింద చుక్క పడితే వేలితో తీసి వాసన చూడండి. గేర్ ఆయిల్ అయితే గంధకం వాసన, కుళ్ళినట్టు ఘాటుగా ఉంటది, అది గేర్ బాక్స్ షాఫ్ట్ సీల్. నల్లగా పల్చగా మామూలు ఇంజన్ ఆయిల్ వాసన వస్తే క్రాంక్ సీల్. రెంటిలో ఏదైనా గేర్ బాక్స్ దించాల్సిందే.

పాలమూరు పోరడు

వదినను అస్సలు బాధపడొద్దని చెప్పన్నా. నా బండికి ప్లేట్ పోయింది అని చెప్పిన కదా, నాది క్లచ్ కేబుల్ టైట్ చేసి పెట్టిండు మెకానిక్, పెడల్‌కు లూజే లేదు, అందుకని పెడల్ తొక్కితే క్లచ్‌ను ఒత్తే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ఒత్తుకునే ఉండి ప్లేట్ సగం సగమే పట్టింది. పన్నెండు వేలకే మాడిపోయింది. నన్ను గూడ డ్రైవింగ్ రాదనే అన్నరు. తర్వాత ఇంకో మేస్త్రి కేబుల్ నట్టు రెండు తిప్పులు వదులు చేసి చూపిస్తే తెలిసింది. నీది లూజ్ ఉంది కాబట్టి అది కాదు, షెడ్డన్న చెప్పిందే కరెక్ట్ అనిపిస్తుంది. మొన్న సగం విని ప్లేట్ అన్న, కారణం అడగలే.

ఉప్పలపాటి వాగు

ఇక్కడే అడుగుతున్నా, కొత్త టాపిక్ పెట్టలేదు, ఏమనుకోకండి. నాది డీజిల్, పొలానికి వాడతాం. ఇదీ పికప్ లేదు, 2500 దాటట్లేదు, వెనక నల్ల పొగ. ఇది కూడా క్లచ్చేనా?

లెక్కల మేష్టారు

కాదండీ, మీది పూర్తిగా వేరు. మీ ఆర్‌పీఎమ్ పైకే వెళ్ళట్లేదు, అంటే ఇంజనే బలం ఇవ్వట్లేదు. నల్ల పొగ అంటే డీజిల్‌కి సరిపడా గాలి అందట్లేదు. ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి, తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి వెళ్ళే రబ్బరు పైపు చివర్లు తడిమి చూడండి, చీలిందా, క్లిప్పు ఊడిందా, నూనె తడి ఉందా. రేస్ ఇచ్చినప్పుడు బుస్సుమని గాలి సౌండ్ వస్తుంటే అదే. క్లచ్ జోలికి వెళ్ళనే వద్దు.

ఉప్పలపాటి వాగు

పైపు కింది వైపు నాలుగు వేళ్ళు పట్టేంత చీలిక ఉందండీ. పైనుంచి చూస్తే కనపడట్లేదు. రేపు మార్పిస్తా. దండాలు.

మూడో గేర్

సాగరతీరం అన్నయ్యా, నేను మొదట్లో క్యాటలిటిక్ అని పక్కదారి పట్టించానేమో, సారీ. ఆ 2000, 3100 నంబర్లు చూశాక నాకూ క్లియర్. ఒకటే అడుగుతా, గేర్ బాక్స్ దించేటప్పుడు మీరు దగ్గరే ఉండండి, పాత ప్లేట్ చేతికి తీసుకుని చూడండి. ఫోటోలు తీసుకోండి.

సాగరతీరం (విశాఖ)

అట్ట మీద రెండు చుక్కలు పడ్డాయి. నల్లగా ఉన్నాయి, గంధకం వాసన లేదు. వేరే షెడ్డులో మాట్లాడాను, శనివారం పని. అప్పటిదాకా నడపొచ్చా?

ఆటోనగర్ షెడ్డు (బెజవాడ)

షెడ్డు దాకా తీసుకెళ్ళండి చాలు. ఏసీ ఆపేసి, కాలు తేలిగ్గా పెట్టి, లోడ్ లేకుండా. ఘాట్ రోడ్డు మాత్రం వద్దే వద్దు. ఎక్కడం సంగతి అటుంచండి, దిగేటప్పుడు ప్లేట్ పూర్తిగా వదిలేసిందంటే గేర్‌లో ఉన్నా ఇంజన్ బండిని పట్టి ఉంచదు, మొత్తం బరువు బ్రేకుల మీదే పడుద్ది. మొన్న మీరు పిల్లలతో దిగొచ్చారని చదివి నాకు గుండె ఝల్లుమంది.

శనివారం మీ మేస్త్రికి నా మాటగా ఇవి చెప్పండి. ఆయిల్ పీల్చిన ప్లేట్‌ని పెట్రోల్‌తో కడిగి మళ్ళీ వెయ్యనివ్వొద్దు, లైనింగ్ లోపలికి ఇంకిపోయి ఉంటది, వేడెక్కితే మళ్ళీ ఊరుద్ది. ప్లేటూ, దాన్ని అదిమి పట్టే ప్రెషర్ ప్లేటూ, రిలీజ్ బేరింగూ మూడూ కలిపి మార్చాలి. ఫ్లై వీల్ మీద నీలం మచ్చలూ పగుళ్ళూ చూడాలి, పగులు ఉంటే మార్చాలి, ఊరికే గీతలే ఉంటే లేత్ మీద పలచగా తీయిస్తే సరిపోద్ది. క్రాంక్ సీల్ తప్పకుండా. దాంతోపాటు ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే పీసీవీ వాల్వ్, బ్రీదర్ పైపు మూసుకుపోయాయేమో చూడమనండి, అవి మూసుకుంటే ఇంజన్ లోపల గాలి ఒత్తిడి పెరిగి కొత్త సీల్‌ని కూడా బయటికి తోసేస్తది.

సాగరతీరం (విశాఖ)

అయిపోయింది. మా ఆవిడని బలవంతంగా తీసుకెళ్ళాను, మధ్యాహ్నం దాకా ఇద్దరం స్టూళ్ళ మీద కూర్చుని చూశాం. గేర్ బాక్స్ దించగానే బెల్ హౌసింగ్ లోపల గోడల చుట్టూ నల్లటి బురద, ప్లేట్ దుమ్మూ ఆయిలూ కలిసి ముద్ద కట్టి ఉంది. మేస్త్రి ప్లేట్ తీసి తుడిచి మా ఆవిడ చేతిలో పెట్టాడు. లైనింగ్ మందం కొత్తదాని పక్కన పెడితే పెద్ద తేడా లేదు, రివెట్లు ఇంకా బాగా లోతులోనే ఉన్నాయి. కానీ పైన అద్దంలా మెరుస్తోంది, గోరుతో గీస్తే జారిపోతోంది, అంచుల్లో తడి. "అమ్మా ఇది అరిగిన ప్లేట్ కాదు, మీరు సరిగ్గానే నడిపారు, ఆయిల్ తాగిన ప్లేట్ ఇది" అన్నాడు. తను ఏమీ మాట్లాడలేదు, ఆ ప్లేట్ తిప్పి తిప్పి చూస్తూ కూర్చుంది.

క్రాంక్ సీల్ తీసి చూపించాడు, పెదవి గట్టిపడి చెక్కముక్కలా అయిపోయి ఒక పక్క చిట్లింది. ఇది బండితో వచ్చిన పాత సీలే అన్నాడు. అంటే ఎనిమిది నెలల క్రితం గేర్ బాక్స్ దించినప్పుడు దాన్ని ముట్టుకోలేదు. నా బిల్లులో ఆ సీల్ ధర 420 రూపాయలు. దాన్ని మార్చడానికి విప్పాల్సిన పనంతా అప్పుడు ఎలాగూ విప్పే ఉంది. క్లచ్ సెట్టు, సీలు, పీసీవీ వాల్వు (సగం మూసుకుపోయింది, షెడ్డు గారు చెప్పినట్టే), ఫ్లై వీల్ లేత్ పని, గేర్ ఆయిల్, లేబర్ అన్నీ కలిపి 11,600 అయింది. పాత షెడ్డుకి ఫోటోలన్నీ పంపాను, ఇంకా జవాబు లేదు.

లెక్కల మేష్టారు

చాలా సంతోషం. ముల్లు చూశారా?

సాగరతీరం (విశాఖ)

చూశాం మేష్టారూ. నాలుగో గేర్, 60, పూర్తిగా తొక్కితే ముల్లూ స్పీడూ కలిసే లేచాయి, 65 కి 2200 దగ్గర. వణుకు కూడా పోయింది.

పాలమూరు పోరడు

సూపర్ అన్నా. వదిన నడుపుతుందా మల్ల?

ఆటోనగర్ షెడ్డు (బెజవాడ)

మొదటి ఐదారు వందల కిలోమీటర్లు తేలిగ్గా నడపండి, కొత్త ప్లేట్ ఫ్లై వీల్ మీద సర్దుకోవాలి. వెయ్యి దాటాక ఒకసారి అట్ట పరిచి చుక్క పడుతుందేమో చూడండి, డిప్ స్టిక్ కూడా.

సాగరతీరం (విశాఖ)

పోరడు తమ్ముడూ, షెడ్డు నుంచి ఇంటికి తనే నడిపింది, ఎన్‌ఏడీ జంక్షన్ మీదుగా, సాయంత్రం ట్రాఫిక్‌లో. షెడ్డు గారూ, నిన్నటికి 1,100 తిరిగింది, అట్ట పొడిగా ఉంది, ఆయిల్ పై గీత దగ్గరే ఉంది. వచ్చే ఆదివారం మళ్ళీ అరకు అనుకుంటున్నాం. ఎస్.కోట దాకా నేను, ఘాట్ తను.